మొదటోడు

పొద్దున ఆరుంబావుకు ఫోన్.
ఏటూరునాగారం నుంచి ఈసం బుచ్చయ్య.
"సారూ, ఇయ్యాల గూడ తెరుస్తలేదు.
గుండ్రంగ తిరుగుతనే ఉన్నది."

కాజీపేటల నేను, నోట్ల బ్రష్ పెట్టుకొని
"నెట్ లేదేమో చూడు బుచ్చయ్యా" అంట.
"కరకట్ట మీదనే నిలవడ్డ సారూ,
ఈడ నెట్ మంచిగనే ఉంటది.
కట్ట దిగితెనే ఏం రాదు."
మళ్ల రేపు. మళ్ల ఆరుంబావుకు.

పదిన్నరకు హన్మకొండ ఆఫీసుకు పోత.
వానల లెక్క తెరిచి చూస్త.
ముప్పై ఒక్క ఏండ్ల వాన
రెప్ప కొట్టేలోపు తెర మీద పడ్తది.
ములుగు, పరకాల, మంగపేట,
ఏ మండలం ముట్టుకున్నా
మిల్లీమీటర్లు టపటప రాలుతయి.
రిజిస్టర్ల రాస్త:
"పరిశీలించడమైనది. లోపం లేదు."

ఆరు వారాలల్ల ఆ మాట తొమ్మిదిసార్లు రాసిన.
కేబుల్ మార్చిన. స్విచ్ మార్చిన.
ఇంకో పదహారు జీబీ కోసం
ఫైలు పైకి పంపి, అది కిందికొచ్చేదాంక ఆగిన.
"ఆయన ఫోనే పాతదేమో" అన్నది
డీఈ కందగట్ల సుభాషిణి మేడం.
అయ్యుంటది అన్న నేను గూడ.
అనుడు సులువు.

ఒకనాడు పని లేక లాగ్ చదివిన.
దినాం మొదలు అడిగినోనికి నలభై ఏడు సెకండ్లు.
రెండో మనిషికి సగం సెకండు గూడ గాదు.
కిందికి జరుపుకుంట పోయిన,
జూన్, జూలై, ఆగస్టు.
రెండో మనిషి దినానికొకలు.
మొదటి మనిషి ఒక్కడే.

తెల్లారి నాలుగున్నరకే బండి తీసిన.
యాకయ్య గేటు తీసుకుంట
"ఏం మునిగింది సారూ?" అన్నడు.
లైటెయ్యకుండ సర్వర్ ముంగట కూసున్న.
నేనే బుచ్చయ్యనయి ఒత్తిన.

ఎర్ర లైటు కొట్టుకుంటున్నది.
రోజుకొక ఫైలు చొప్పున
పదకొండు వేల మూడు వందల పైచిలుకు.
ఒక్కొక్కదాని తలుపు కొట్టి,
పేరడిగి, తారీఖడిగి, బయటికి తెస్తున్నది.
ముప్పై సెకండ్లకు నా ఫోన్ చేతులెత్తేసింది.
సర్వర్ ఎత్తలేదు.
అడిగినోడు పోయిండని దానికి తెల్వదు,
పట్టిన పని పట్టినట్టే చేసి
అన్ని తీసి దగ్గర పెట్టుకున్నది.

అప్పుడు సమజయింది.
పదిన్నరకు మేం చూసి మెచ్చుకునేది
అలమారిలున్న లెక్క గాదు.
బుచ్చయ్య కోసం తీసి, బల్ల మీద పరిచి,
బుచ్చయ్య పోయినంక
అట్లనే ఉండిపోయిన లెక్క.

మరి దినాం కొత్తగ ఎందుకు?
వెతికితె దొరికింది, ఒకటే లైను.
రాత్రి రెండింటికి సర్వీసు బందు చేసి మళ్ల లేపుమని.
మెమరీ నిండుతున్నదని, మూడేండ్ల కింద,
పెండ్లికి పోయే హడావిడిల
ఎవడో రాసి మరిచిపోయిండు.
పక్కన పేరున్నది. నాదే.

ఆ లైను తీసేస్తె మెమరీ మళ్ల నిండుతది.
తీయలే. దాని కింద ఇంకో నాలుగు రాసిన.
రెండూ పదికి లేచి, ఎవలూ అడగకముందే
అన్ని ఒకసారి అడిగి పెట్టుకోమని.
రిజిస్టర్ల తొమ్మిదిసార్లు రాసినదాన్ని
కొట్టేద్దామని పెన్ను తీసి,
సంతకాలు అయినయి గదా అని ఊకున్న.

వారం దినాలు ఫోన్ లేదు.
ఆరుంబావుకు మాత్రం మెలకువొస్తనే ఉన్నది.

ఎనిమిదోనాడు చేసిండు.
"సారూ, ఒత్తంగనే వస్తున్నది.
నాకంటె ముందుగాల ఎవలన్న చూస్తుండ్రా?"
"ఎవలు లేరు బుచ్చయ్యా.
మిషిన్ తనను తానే అడుగుతది, రాత్రిపూట."
కొంచెంసేపు ఏం అనలే.
వెనుక గోదారి చప్పుడు.
"దానికెంతసేపు పడ్తది సారూ?"
"నలభై ఏడు సెకండ్లు."

"పాపం" అన్నడు.
కట్ట దిగినట్టున్నడు,
ఫోన్ కట్టయింది.